పాలసీ ఉన్నా సగం బిల్లు మనమే కట్టాలా?

ప్రశ్న: నాకు రూ.3 లక్షల హెల్త్ పాలసీ ఉంది. గది అద్దె పరిమితి రోజుకు రూ.3 వేలు. మోకాలి ఆపరేషన్‌కు రూ.6 వేల గదిలో ఐదు రోజులున్నాను. బిల్లు రూ.2 లక్షలైతే కంపెనీ లక్షే ఇచ్చింది. పరిమితికి రెట్టింపు గది తీసుకున్నారు కాబట్టి బిల్లంతా సగానికి కోశామంటోంది. ఇది చెల్లుతుందా?

జవాబు: కోతకు వీలుంది కానీ, బిల్లంతటి మీదా చెల్లదు. చాలా ఆస్పత్రుల్లో గది మారితే సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీ కూడా మారతాయి. అందుకే అద్దెతో పాటు వాటినీ అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. మందులు, ఇంప్లాంట్లు, వైద్య పరికరాలు, పరీక్షల ఖర్చును మాత్రం ఈ లెక్కలో కలపకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020 జూన్‌లోనే చెప్పింది. ఇంప్లాంటు ధర గదిని బట్టి మారదు కదా! ఐసీయూ ఛార్జీలకూ ఈ కోత లేదు.

మీ బిల్లులో గది అద్దె రూ.30 వేలు, సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్, నర్సింగ్ కలిపి రూ.80 వేలు, మందులు, ఇంప్లాంటు, పరీక్షలు రూ.90 వేలు అనుకుందాం. మొదటి రెండింటిలో సగం, అంటే రూ.55 వేలు పోయినా, మీకు రూ.1.45 లక్షలు రావాలి. అంటే ఇంకా రూ.45 వేలు బాకీ. గ్లౌజుల వంటివి పాలసీలోని ‘చెల్లించని ఖర్చుల’ జాబితాలో ఉంటే అవి వేరు.

గదిని బట్టి రేట్లు మార్చని ఆస్పత్రి అయితే సర్జన్ ఫీజు వగైరా రూ.80 వేలలోనూ కోత ఉండకూడదు. ‘అన్ని గదులకూ ఒకటే రేటు’ అని ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. చాలామంది అడగరు గానీ, కేసును తిప్పేది ఈ కాగితమే.

పాలసీలో ‘అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్’ (గదిని బట్టి మారే వైద్య ఖర్చులు) నిర్వచనం చూసి, ఆ క్లాజు నంబరు, ఐటమ్‌వారీ బిల్లు, సెటిల్‌మెంట్ లెటర్‌తో కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోగా బీమా ఫిర్యాదులను పరిష్కరించే అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువు. అక్కడ కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు.

రెన్యువల్‌లో బీమా మొత్తాన్ని పెంచే ముందు గది పరిమితి లేని ప్లాన్ అడగండి. పెంచిన మొత్తానికి వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని తొలి కాలం) మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారు.