విప్పని ప్యాకెట్టే మీ సాక్ష్యం

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా నాన్న చిత్తూరులో ఫొటో స్టూడియో నడిపారు. ఆయన తీసిన బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లను సంవత్సరీకం నాటికి నా చేత్తో ప్రింట్ చేయాలని ఇంట్లోనే డార్క్‌రూమ్ పెట్టుకున్నాను. ముంబయి వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో డెవలపర్ (ఫొటో కాగితం మీద బొమ్మ తేల్చే రసాయనం) పొడి మూడు ప్యాకెట్లు కొన్నాను. విప్పితే పొడి గోధుమ రంగులో గడ్డకట్టి ఉంది. కలిపితే టీ డికాక్షన్‌లా వచ్చింది. వంద షీట్ల బ్రోమైడ్ పేపరూ (ఫొటో ప్రింట్ వేసే కాగితం) పాడైంది. ఖాళీ కవర్లు పారేశాను. రెండో ప్యాకెట్లో మిగిలిన పొడి సీసాలో ఉంది, మూడోది విప్పలేదు. వ్యాపారి వాట్సాప్‌లో ‘చూస్తాం’ అంటూనే ఉన్నాడు. పార్సిల్ అంది ఏడాది పది నెలలైంది. నాన్న జ్ఞాపకాలను నాశనం చేసినందుకు పది లక్షలు వస్తాయా? మూడో ప్యాకెట్లో పొడి బాగుంటే కేసు పోతుందని, సీసాలోది అందులో నింపి మళ్లీ సీల్ వేయించమని మిత్రుడు అంటున్నాడు.

జవాబు: మీ నాన్నగారి నెగటివ్‌లకు ఏమీ కాలేదు. ప్రింట్ వేసేటప్పుడు నెగటివ్ ఎన్‌లార్జర్‌లో (బొమ్మను పెద్దది చేసి కాగితం మీద పడేసే యంత్రం) ఉంటుంది, డెవలపర్ ట్రేలో మునిగేది కాగితం. ‘జ్ఞాపకాలు నాశనమయ్యాయి’ అని రాస్తే ఎదుటి లాయరు ఆ నెగటివ్‌లు తెచ్చి చూపించమంటాడు. అక్కడితో మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. మీ నష్టం పొడి ధర, కాగితం ధర, పడ్డ శ్రమ. పది లక్షల మాట వదిలేయండి.

కేసు తేలేది ఒక్కచోటే. పొడి మీ చేతికి వచ్చేసరికే పాడై ఉందా, మీ ఇంట్లో పాడైందా? డెవలపర్‌లో ఉండే మెటాల్, హైడ్రోక్వినోన్ తేమ, గాలి తగిలితే గోధుమ రంగుకు తిరుగుతాయి. తయారీదారు ప్యాకింగ్ సరిగా లేకపోయినా అంతే, మీరు తడి గదిలో పెట్టినా అంతే. డెవలపర్‌కు కావాల్సింది 20 డిగ్రీల నీళ్లు, మే నెలలో తిరుపతి కుళాయి నీళ్లు అలా ఉంటాయా, ఎర్ర బల్బు కాగితానికి ఎంత దగ్గరగా పెట్టారు, కాగితం ఎంత పాతది అని మిమ్మల్ని అడుగుతారు. ఇవన్నీ ప్రింటును పాడుచేయగలిగేవే. వీటన్నిటికీ మీ దగ్గరున్న జవాబు ఆ విప్పని ప్యాకెట్ ఒక్కటే.

బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉన్న కవర్లను పారేయడం ఏమిటండీ? రంగు మారిందని కళ్లతో చూశాక కూడా ట్రేలో పోశారు. సరే, మొదటి షీటు పాడైనప్పుడైనా ఆగాలి కదా! నష్టం పెరగకుండా చూసుకోవడం నష్టపోయినవాడి బాధ్యత కూడా. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 73 వివరణ చెప్పేది ఇదే. వంద షీట్ల ధరా వస్తుందని లెక్క వేసుకోకండి.

మీ మిత్రుడి సలహా మాత్రం చెవిన కూడా వేసుకోవద్దు. వినియోగదారుల కమిషన్ విచారణను చట్టం న్యాయ విచారణగానే చూస్తుంది. అందులో వాడడానికి దొంగ సాక్ష్యం తయారుచేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు. రెండోసారి వేసిన సీల్‌ను ల్యాబ్‌లో గుర్తుపట్టడం పెద్ద పనేమీ కాదు. అసలు మూడు ప్యాకెట్లూ ఒకే పార్సిల్‌లో వచ్చాయి. రెండు పాడైతే మూడోది కూడా పాడై ఉండే అవకాశమే ఎక్కువ. ఉన్న ఒక్క మంచి సాక్ష్యాన్ని మీ చేతులతో చెడగొట్టుకోకండి. అందులో పొడి నిజంగానే బాగుంటే మీ కేసు బలహీనమే, అది ఒప్పుకోవాల్సిందే.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. పార్సిల్ అందిన రోజు నుంచే లెక్క వేసుకోండి. వ్యాపారి ‘చూస్తాం’ అన్నా, మీరు నోటీసు పంపినా ఆ గడియారం ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు గానీ, వాట్సాప్‌లో ఎదురుచూశామంటే సరిపోతుందన్న ధీమా వద్దు.

ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, పదిహేను రోజులు చూడండి, తర్వాత తిరుపతిలోని జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. వ్యాపారి ముంబయిలో ఉన్నా మీరు నివసించే చోట వేయవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లోనూ దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వ్యాపారితో పాటు ప్యాకెట్ మీద పేరున్న తయారీదారునూ ప్రతివాదిగా చేర్చండి. ఫిర్యాదుతోపాటే సెక్షన్ 38 కింద ప్యాకెట్‌ను ల్యాబ్‌కు పంపమని దరఖాస్తు పెట్టండి. సీల్ వేసి పంపేది కమిషనే. పరీక్ష ఖర్చు మిమ్మల్నే డిపాజిట్ చేయమనవచ్చు. వాట్సాప్ సంభాషణకు, బిల్లు మెయిల్‌కు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టేటప్పుడు ఇచ్చే ధ్రువపత్రం) జతచేయండి. ఆ ఫోను మార్చకండి, ఫార్మాట్ చేయకండి.

ప్యాకెట్‌కు ఆరువైపులా ఫొటోలు తీయండి. బ్యాచ్ నంబరు స్పష్టంగా కనిపించాలి. బంధువు కాని ఒకరి ఎదుట గాలి చొరని డబ్బాలో పెట్టి, మూత మీద ఇద్దరూ తేదీ వేసి సంతకాలు చేయండి. సీసాలోని పొడినీ, పాడైన ప్రింట్లు మిగిలి ఉంటే వాటినీ విడిగా దాచండి. ఆ డబ్బా మూత కమిషన్ చెప్పేదాకా తెరవకండి.