చలికాలమంతా షెడ్డులో ఉండే పాత కారు: బ్యాటరీని కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న: నా దగ్గర 1960ల నాటి కారు ఒకటి ఉంది. మంచు కురిసే నాలుగు నెలలూ దానిని రోడ్డు మీదికి తీయను. బ్యాటరీ దిగిపోకూడదని వారానికొకసారి ఇంజను స్టార్టు చేసి పది నిమిషాల సేపు ఆడనిస్తున్నాను. అయినా చలికాలం ముగిసేసరికి సెల్ఫ్ తిరగడం లేదు. లోపం బ్యాటరీదా, నా పద్ధతిదా? బ్యాటరీని విప్పి సిమెంటు నేల మీద పెట్టకూడదంటారు, అది నిజమేనా?

జవాబు: ముందుగా పద్ధతినే అనుమానించాలి. వారం వారం మీరు శ్రద్ధగా చేస్తున్న పనే బ్యాటరీని కొద్దికొద్దిగా ఖాళీ చేస్తూ ఉండవచ్చు. చల్లబడి చిక్కబడిన ఆయిలులో ఇంజనును తిప్పడానికి సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీని చార్జి చేయడానికి ఆ కాలపు కార్లలో చాలా వాటికి, ఇప్పటి ఆల్టర్నేటరుకు బదులు, డైనమో ఉండేది. మీ కారుకూ అదే ఉంటే, ఇంజను నెమ్మదిగా ఆడుతున్నంతసేపూ డ్యాష్‌బోర్డులోని ఎర్ర లైటు వెలుగుతూనో మిణుకుమంటూనో ఉండడం మీరు గమనించే ఉంటారు. ఆ వేగంలో డైనమో వోల్టేజి బ్యాటరీ వోల్టేజిని మించడం లేదని దానికి అర్థం. అంటే స్టార్టు చేయడానికి ఖర్చయిన కరెంటు తిరిగి రాకపోగా, ఇగ్నిషనుకు కావలసినది కూడా బ్యాటరీ నుంచే పోతోంది. పైగా పది నిమిషాల్లో ఇంజను పూర్తిగా వేడెక్కదు కనుక సైలెన్సరులో చేరిన నీరు ఆవిరి కాక తుప్పు పట్టిస్తుంది, మండని పెట్రోలు కొంత ఆయిలులో కలుస్తుంది. దయచేసి ఆ అలవాటు మానండి.

చార్జి దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తే రెండు విధాలుగా చెడుతుంది. మొదటిది, చార్జి దిగినప్పుడు బ్యాటరీ లోపలి సీసపు పలకల మీద ఏర్పడిన లెడ్ సల్ఫేటు నెలల తరబడి అలాగే ఉండిపోయి గట్టి స్ఫటికాలుగా మారుతుంది. ఆ తరువాత ఎంత చార్జి చేసినా అది పూర్తిగా కరగదు, బ్యాటరీ సామర్థ్యం ఆ మేరకు శాశ్వతంగా తగ్గిపోతుంది. రెండవది, గడ్డకట్టడం. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీలోని యాసిడ్ మైనస్ 50 డిగ్రీల వద్ద కూడా గడ్డకట్టదు. చార్జి దిగేకొద్దీ ఆ ద్రవం నీటికి దగ్గరవుతుంది కనుక, బాగా దిగిన బ్యాటరీ మైనస్ 10 డిగ్రీల ప్రాంతంలోనే గడ్డకట్టి పెట్టె పగిలిపోవచ్చు. గడ్డకట్టిన బ్యాటరీకి చార్జరు తగిలించడం చాలా ప్రమాదకరం. ఇంతకీ, చలి స్వతహాగా బ్యాటరీకి శత్రువు కాదు. దానంతటది చార్జి కోల్పోయే వేగం చలిలో తగ్గుతుంది కాబట్టి, నిండుగా ఉన్న బ్యాటరీకి వెచ్చని గది కంటే చల్లని షెడ్డే నయం.

షెడ్డులో ప్లగ్గు ఉంటే వోల్టేజిని తానే నియంత్రించుకునే మెయింటెయినర్ చార్జరు ఒకటి కొనడం ఉత్తమం. బ్యాటరీ నిండగానే అది సుమారు 13.2 నుంచి 13.6 వోల్టుల దగ్గర నిలబడుతుంది. ఎప్పుడూ ఒకే తీరుగా కరెంటు పంపే పాతరకం ట్రికిల్ చార్జరును మాత్రం నెలల తరబడి వదిలేయవద్దు. అది నీటిని హరించి పలకలను పాడుచేస్తుంది. మీ కారుది 6 వోల్టుల బ్యాటరీ అయితే చార్జరు కూడా 6 వోల్టులదే కావాలి. బ్యాటరీ జెల్ రకమా (యాసిడ్ జిగురుగా ఉండేది), ఏజీఎం రకమా (యాసిడ్‌ను గాజు పీచు పీల్చుకుని ఉండేది), మామూలు యాసిడ్ రకమా చూసుకుని చార్జరులో ఆ అమరికనే ఎంచుకోవాలి.

ప్లగ్గు లేకపోతే బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి, ఎర్త్ కేబులును, అంటే బ్యాటరీని కారు బాడీకి కలిపే తీగను, విప్పేయండి. గడియారం, అలారం వంటివి గుట్టుగా తినే కరెంటు దానితో ఆగిపోతుంది. అయితే ఆనాటి బ్రిటిష్ కార్లలో చాలా వాటికి పాజిటివ్ టెర్మినలే ఎర్త్‌కు కలిపి ఉండేది. అందుచేత రంగును బట్టి కాక, బాడీకి బిగించిన కేబులు ఏదో కళ్ళతో చూసి దానినే ముందుగా విప్పాలి, తిరిగి బిగించేటప్పుడు దానినే చివర బిగించాలి. నెలకొకసారి బ్యాటరీ వోల్టేజిని మల్టీమీటరుతో కొలిచి చూడండి. చార్జరు తీసి కొన్ని గంటలైన తరువాత 12.6 వోల్టులు లేదా కాస్త ఎక్కువ చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు; 12.4కు దిగితే మళ్ళీ చార్జి చేయాలి. 6 వోల్టుల బ్యాటరీకి ఇందులో సగం లెక్క.

మూతలు తీయగలిగిన బ్యాటరీ అయితే పలకలు మునిగి ఉన్నాయో లేదో చూసి, తగ్గిన చోట డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. పలకలు బయటపడి ఉంటే అవి మునిగేంత మాత్రమే ముందు పోసి, మిగతాది చార్జింగ్ అయ్యాక నింపండి. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి గాలి ఆడాలి, నిప్పు దగ్గరకు రాకూడదు, క్లిప్పులు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ చార్జరు ఆపి ఉండాలి.

సిమెంటు నేల గురించి బెంగ వద్దు. పూర్వకాలపు పెట్టెల గోడల గుండా తడి, యాసిడ్ ఊరి కరెంటు కారే అవకాశం ఉండేది కనుక అప్పట్లో ఆ జాగ్రత్తకు అర్థం ఉంది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు ఆ ఇబ్బంది లేదు.

ఇక ఇప్పుడున్న బ్యాటరీ సంగతి. అది చలికాలం చివర దాదాపు ఖాళీగా మిగిలింది కనుక ఇప్పటికే కొంత దెబ్బతిని ఉండవచ్చు. పూర్తిగా చార్జి చేసి, ఏమీ తగిలించకుండా ఒకటి రెండు రోజులు ఉంచి కొలవండి. వోల్టేజి 12.4 కంటే కిందికి జారిపోతే, చార్జరు కొనడానికి ముందే మెకానిక్ చేత లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగి బ్యాటరీ తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) చేయించి, అందులో నిలవకపోతే బ్యాటరీని మార్చండి.