తెలుగు మానకండి, వినికిడి పరీక్ష వాయిదా వేయకండి

ప్రశ్న: మా బాబుకి రెండున్నరేళ్లు. అమ్మ, తాత, బై... పది మాటలకు మించి రావు. ఏం కావాలన్నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. స్కూల్లో ఇబ్బంది పడకూడదని ఆరు నెలలుగా ఇంట్లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడుతున్నాం. మా అత్తగారేమో వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయని, నాలుకకు వస రాయమని అంటారు. నాకు టెన్షన్‌గా ఉంది. - ఓ తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందుగా ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌ని కలిసి బాబుకి వినికిడి పరీక్ష చేయించండి. రెండేళ్లు నిండేసరికి చాలామంది పిల్లలు 50 మాటల దాకా పలుకుతారు, 'నాన్న రా' అని రెండేసి కలుపుతారు. కాబట్టి ఇంకా ఎదురుచూడొద్దు. పిలిస్తే తిరుగుతున్నాడు కదా అని ఊరుకోకండి. చెవిలో నీరు చేరిన పిల్లలకు పెద్ద చప్పుళ్లు వినిపించినా, మాటల్లోని సన్నటి ధ్వనులు అందకపోవచ్చు. వేలితో చూపించకుండా చెయ్యి పట్టి లాగుతున్నాడా అన్నది కూడా డాక్టర్‌కి చెప్పండి. పిల్లల ఎదుగుదల సమస్యలను ముందుగానే గుర్తించి చికిత్స చేసే ప్రభుత్వ జిల్లా కేంద్రాల్లో (డీఈఐసీ) ఈ పరీక్షలు, స్పీచ్ థెరపీ ఉచితం.

వస రాయకండి. పిల్లలకు వాంతులయ్యే ప్రమాదం ఉంది. అత్తగారిని నొప్పించకుండా, రోజూ రాత్రి మనవడికి కథ చెప్పే పని ఆవిడకి అప్పగించండి.

ఇక భాష సంగతి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. ఇంగ్లిష్ బడిలో వస్తుంది. నన్ను బాధపెట్టింది మీరు తెలుగు ఆపేయడం. ఇంగ్లిష్‌లో మీ మాటలు 'కమ్, ఈట్, సిట్' దగ్గరే ఆగిపోతున్నాయేమో చూసుకోండి. అదే తెలుగులో అయితే, 'అబ్బ, అన్నం కాలుతోంది నాన్నా, ఉఫ్ అని ఊదుదామా?' అని తడుముకోకుండా వస్తుంది. బిడ్డకి కావాల్సింది ఆ మాటే. చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. గింజ చూపించి పేరు చెప్పండి, వాడు 'గిం' అన్నా 'అవును, గింజ! పచ్చ గింజ' అని పొడిగించండి. ఫ్రిజ్ దగ్గరికి లాగితే పాలు, పెరుగు రెండూ చూపించి 'పాలా? పెరుగా?' అని అడిగి, మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఆగండి. చెప్పకపోయినా ఇచ్చేయండి. 'చెబితేనే ఇస్తా' అని మాత్రం ఏడిపించకండి.

అన్నం తినేటప్పుడు ఫోన్ ఇస్తుంటే ఈ రోజు నుంచే మానండి. ఈ వయసుకి తెర రోజుకి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు బాబు పలికే ప్రతి మాటా ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. 'బువ్వ', 'భౌ భౌ' కూడా లెక్కలోకే వస్తాయి.