కొట్టు ఖాళీ చేశాక డిపాజిట్ ఎవరు తిరిగివ్వాలి?

ప్రశ్న: ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఐదేళ్లు ఇండియన్ సరుకుల కొట్టు నడిపాను. అద్దె నెలకు 2,400 యూరోలు. ఆరు నెలల అద్దె, అంటే 14,400 యూరోలు, డిపాజిట్ కట్టాను. మధ్యలో ఓనర్ బిల్డింగ్ అమ్మేశాడు. తాళాలు అప్పగించి ఎనిమిది నెలలైంది. కొత్త ఓనర్ని అడిగితే "ఆ డబ్బు నాకు చేరలేదు, పాతాయన్ని అడగండి" అంటున్నాడు. పైగా గోడలకు రంగు వేయలేదంటాడు, హీటింగ్ లెక్క తేలలేదంటాడు. జర్మనీలో మూడు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదట కదా, ఆ పాయింట్ మీద కేసు వేయవచ్చా?

జవాబు: ఆ పాయింట్ మీద వేస్తే ఓడిపోతారు. మూడు నెలల పరిమితి జర్మన్ సివిల్ కోడ్ 551వ సెక్షన్‌లో ఉంది. అది కాపురం ఉండే ఇళ్లకే. కొట్లకు, ఆఫీసులకు ఏయే సెక్షన్లు వర్తిస్తాయో 578వ సెక్షన్ చెబుతుంది, అందులో 551 లేదు. వ్యాపారస్థులిద్దరు ఆరు నెలలకు ఒప్పుకుంటే కోర్టు సాధారణంగా కలగజేసుకోదు. ఫ్లాట్లలో ఉండే స్నేహితుల అనుభవం పక్కన పెట్టి మీ అగ్రిమెంటు తీయండి.

మీ బలం 566ఎ సెక్షన్. ఇది మాత్రం 578 జాబితాలో ఉంది. బిల్డింగ్ కొన్నవాడు డిపాజిట్ బాధ్యతను కూడా కొన్నట్టే. పాత ఓనర్ ఆ డబ్బు ఇచ్చాడా లేదా అన్నది వాళ్లిద్దరి గొడవ, మీది కాదు. ముందు కొత్తాయన్నే అడగాలి. ఆయన దగ్గర రాబట్టలేకపోతే పాతాయన ఇంకా బాధ్యుడే. కాబట్టి మీరు డబ్బు పంపినప్పటి బ్యాంకు స్టేట్‌మెంట్ బయటికి తీయండి. "డిపాజిట్" అని రాసి ఉన్న ఆ ఒక్క లైనే మీ కేసుకు వెన్నెముక.

రంగు సంగతి చూద్దాం. అగ్రిమెంటులో "ప్రతి మూడేళ్లకు రంగు వేయాలి" అని, గోడ ఎలా ఉందో చూడకుండా గడువు పెట్టిన అచ్చు షరతు ఉందా? అలాంటిది కొట్లకు కూడా చెల్లదని ఫెడరల్ కోర్టు (ఇలాంటి కేసుల్లో జర్మనీలో అన్నిటికంటే పై కోర్టు) 2008లో చెప్పింది. ఇక గోడలు పాడయ్యాయని నష్టం అడగాలంటే, తాళాలు చేతికొచ్చిన ఆరు నెలల్లో అడగాలి. తర్వాత 548వ సెక్షన్ కింద కాలదోషం పడుతుంది, అంటే అడిగే గడువు దాటిపోతుంది. మీకు ఎనిమిది నెలలైంది. అయినా అప్పుడే సంబరపడకండి. కాలదోషం పట్టక ముందు సర్దుబాటు చేసుకోగలిగిన బాకీని తర్వాత కూడా డిపాజిట్‌లోంచి పట్టుకోవచ్చని 215వ సెక్షన్ అంటుంది. 2024 జులైలో ఒక ఇంటి అద్దె కేసులో ఫెడరల్ కోర్టు ఓనర్లకు ఆ దారి ఇంకా సులువు చేసింది. అందుకే నేనైతే తేదీల మీద కాక, అసలు ఆ బాకీ ఉందా అన్నదాని మీద కొట్లాడతాను. తాళాలిచ్చిన రోజు రాసుకున్న అప్పగింత కాగితంలో గోడల గురించి ఒక్క మాటైనా లేకపోతే ఆయన పని కష్టమే.

హీటింగ్ లెక్క విషయంలో కొంత న్యాయం ఆయన వైపు ఉంది. వ్యాపార అద్దెల్లో లెక్క తేల్చడానికి, ఆ లెక్క సంవత్సరం ముగిశాక సుమారు ఏడాది దాకా సమయం ఉంటుంది. అంతవరకు రావచ్చనుకునే మొత్తం ఉంచుకోవచ్చు. పోయినేడు మీకు 500 యూరోలు పడి ఉంటే, ఈసారీ దాదాపు అంతే ఆపుకోవాలి. 14,400 మొత్తం పట్టుకు కూర్చోవడానికి వీల్లేదు.

అగ్రిమెంటులో లేకపోయినా వడ్డీ కూడా అడగండి. వ్యాపార అద్దెల్లోనూ మామూలు సేవింగ్స్ వడ్డీ ఇవ్వాలని ఫెడరల్ కోర్టు 1994లోనే తేల్చింది. చాలా ఏళ్లు ఆ రేటు సున్నా దగ్గరే ఉంది, పెద్ద మొత్తం ఆశించకండి.

అన్నట్టు, చివరి నెలల అద్దె ఆపకుండా కట్టి ఉంటే మంచి పని చేశారు. మన ఊళ్లో "ఆఖరి రెండు నెలలు అడ్వాన్స్‌లో పట్టుకోండి" అనడం మామూలే. అక్కడ అలా చేస్తే ఎదురు కేసు మీ మీదే పడేది.

ఇప్పుడు కొత్త ఓనర్‌కు రిజిస్టర్డ్ ఉత్తరం రాయండి. లెక్క చూపి, ఆపుకోదగ్గది పోను మిగతాది 14 రోజుల్లో మీ ఖాతాకు పంపమనండి. డబ్బు ఇవ్వాల్సిన సంవత్సరం ముగిసిన దగ్గర్నుంచి మీకు మూడేళ్ల గడువు ఉంది. కానీ ఎన్ని ఉత్తరాలు రాసినా ఆ గడువు ఆగదు. దావా వేస్తేనో, కోర్టు ద్వారా చెల్లింపు నోటీసు పంపిస్తేనో ఆగుతుంది. ఇంత మొత్తానికి దావా కొట్టు ఉన్న ప్రాంతపు లాండ్‌గెరిష్ట్‌లో, అంటే పెద్ద మొత్తాల కేసులు చూసే ప్రాంతీయ కోర్టులో వేయాలి. అక్కడ లాయరు తప్పనిసరి.