సాలిహుండం కొండ ఎక్కే ముందు

తల్లీ,

వచ్చే నెల నీ ఆరో తరగతి పిల్లల్ని శ్రీకాకుళం జిల్లాలోని సాలిహుండం కొండకు, పాత బౌద్ధ స్తూపాలు చూపించడానికి తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంబరపడ్డానో, రాత్రి అంత టెన్షన్ పడ్డాను. అందుకే ఈ ఉత్తరం.

మంచినీళ్ళు, టోపీలు, తల్లిదండ్రుల సంతకాలు నీకు తెలిసినవే. ఎండ ముదరకముందే కొండ ఎక్కించెయ్. పైనుంచి వంశధార కనిపించగానే దిగి ఆడుకుంటామని గోల చేస్తారు. వద్దంటే వద్దు. ఎవరు ఏడ్చినా సరే, ఏటి ఒడ్డుకు ఒక్కరినీ పంపకు.

ఇప్పుడు అసలు సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ పిల్లల్ని ఆ కొండకు తీసుకెళ్ళాను. స్తూపం ముందు వరుసగా నిలబెట్టి, నోట్సు తీయించి, గంటసేపు చెప్పి రాయించాను. ఒక కుర్రాడు మాత్రం రాయడం మానేసి నేలమీద ఏదో ఏరుతున్నాడు. జేబు చూస్తే పాత కుండపెంకు. అందరి ముందూ దొంగ అన్నాను, చెంప మీద ఒకటి వేశాను కూడా. వాడు ఏదో చెప్పబోయాడు, నోర్ముయ్ అన్నాను.

సోమవారం వాడు బడికి రాలేదు. మర్నాడు వాళ్ళ నాన్న వచ్చాడు, పెంకును గుడ్డలో చుట్టి తెచ్చాడు. కుండలు చేసే మనిషి. "మేష్టారూ, దీని లోపల గీతలు చూడండి, మా సారె మీద నా వేళ్ళు పడినట్టే ఉన్నాయి, మీకు చూపిద్దామనే మావాడు తీశాడట" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదమ్మా. పెంకును తీసుకెళ్ళి కొండమీదే పెట్టి వచ్చాను. ఆ కుర్రాడు మళ్ళీ బడికి వచ్చాడు గానీ, నా క్లాసులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వందల ఏళ్ళ నాటి కుమ్మరి చేతిని గుర్తుపట్టినవాడి నోరు నేను మూయించాను.

అందుకని ముందు వాళ్ళని చూడనీ. పెంకులు ముట్టుకోకూడదు, తీసుకెళ్ళకూడదు అని ఎక్కే ముందే చెప్పు, అప్పుడు ఎవరినీ దొంగ అనాల్సిన పని రాదు. వంగి చూసినవాణ్ణి అదిలించకు. వీలైతే ముందు రోజు ఒక కుమ్మరి ఇంటికి తీసుకెళ్ళు, సారె తిరగడం చూసిన పిల్లలకు అక్కడి కుండపెంకులు పరాయివిగా అనిపించవు. ఆ ఊరి పేరు వడ్లు నిలవచేసే శాలివాటిక నుంచి వచ్చిందంటారు కొందరు, ఎముకల పెట్టె అనే శల్యపేటిక నుంచి అంటారు ఇంకొందరు. స్తూపాల్లో ధాతుపేటికలు, అంటే అస్థికలు దాచే చిన్న పెట్టెలు, దొరికాయి కదా. నువ్వేదీ తేల్చకు, వాళ్ళనే వాదించుకోనీ.

1919లో ఆ చోటును వెలుగులోకి తెచ్చిన గిడుగు రామమూర్తి గారు బడిపంతులేనని తప్పక చెప్పు. ముఖలింగం గుడిలోని పాత శాసనాల లిపి చదవడం ఆయన సొంతంగా నేర్చుకున్నారు. మనకు దగ్గరి మనిషి అని పిల్లలకు తెలియాలి.

నువ్వు చిన్నప్పుడు నన్ను ఎన్ని ప్రశ్నలు అడిగేదానివో! విసుక్కున్న రోజులూ ఉన్నాయి, మనసులో పెట్టుకోకు.

తిరిగి బస్సు ఎక్కేటప్పుడు తలలు రెండుసార్లు లెక్కపెట్టు. ఇంటికి చేరాక ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్, మెలకువగానే ఉంటాను.

నీ మావయ్య