మిర్యాలగూడ మిల్లు బ్యాకప్‌ను హైదరాబాద్ సర్వర్‌కి కూడా పంపడం ఎలా?

మీ రైస్‌మిల్లు లెక్కలు రోజూ రాత్రి అదే ఆఫీసులోని నాస్‌లోకి (నెట్‌వర్క్‌కు తగిలించిన స్టోరేజీ పెట్టె) బ్యాకప్ అవుతున్నాయి, దాన్నే హైదరాబాద్‌లోని సర్వర్‌కీ పంపాలంటున్నారు. పంపాల్సిందే. షార్ట్ సర్క్యూటై ఆ గది అంటుకుంటే సర్వరూ, నాసూ రెండూ పోతాయి.

మొదటి కాపీని మాత్రం నెట్‌లో పంపకండి. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ లైను గంటకు 4.5 జీబీ మించి మోయదు; 500 జీబీకి నాలుగున్నర రోజులు పడుతుంది. హార్డ్‌డిస్కులో వేసుకుని బస్సెక్కడమే నయం. తర్వాత ఆర్‌సింక్ (రెండు చోట్ల ఫైళ్లను పోల్చి కాపీ చేసే ప్రోగ్రామ్) పెడితే మారిన భాగమే వెళ్తుంది. అయితే బ్యాకప్‌ను జిప్ చేస్తుంటే, లోపల చిన్న మార్పుకే ఫైలు చాలావరకు మారిపోయి దాదాపు మొత్తం మళ్లీ పంపాల్సి వస్తుంది. ఇది చాలామందికి తట్టదు.

అసలు చిక్కు ఇంకోటుంది. ఇక్కడ రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పడి ఫైళ్లు పాడైతే, రాత్రికల్లా ఆ పాడైన ఫైళ్లే అక్కడికీ చేరతాయి. అందుకే అక్కడ కనీసం నెలరోజుల స్నాప్‌షాట్లు (ఏ రోజుకారోజు ఫైళ్లు ఎలా ఉన్నాయో అలాగే దాచే కాపీలు) ఉంచండి. పైగా మిల్లు సర్వర్ పంపడం కాదు, హైదరాబాద్ సర్వరే వచ్చి తీసుకునేలా పెట్టండి. అవతలి పాస్‌వర్డ్ మిల్లులో ఉండనే కూడదు, ఉంటే ఆ రాన్సమ్‌వేర్ అక్కడి కాపీలనూ చెరిపేయగలదు. దారి వీపీఎన్ (నెట్‌లో రెండు చోట్ల మధ్య గుప్తంగా నడిచే సొంత దారి) మీదుగానే, రూటర్‌లో పోర్టు (బయటి నుంచి లోపలికొచ్చే ద్వారం) తెరిచి వదిలేయొద్దు.

రోజుకోసారి సరిపోదా అంటే, వడ్ల సీజన్లో ఒక్కరోజు తూకం చీటీలు మళ్లీ ఎక్కించడం ఎంత తిప్పలో మీ గుమస్తానడగండి. ఆ రోజుల్లో బ్యాకప్, కాపీ రెండూ గంటకోసారి పెట్టండి. మూడు నెలలకోసారి హైదరాబాద్ కాపీతోనే వేరే కంప్యూటర్‌లో లెక్కలు తెరిచి, నిన్నటి స్టాకు సరిపోయిందో లేదో చూడండి.