గోలీ చేయవలసింది గడియ తీయడమే

కావలి

చిరంజీవి మనవరాలికి తాత ఆశీస్సులు.

మీ అమ్మ ఫోనులో పంపిన నీ యంత్రం బొమ్మను నిన్న రాత్రి చాలాసేపు చూశాను. ఒంగోలులో జరగబోయే సైన్సు పోటీకి నువ్వు ఎంచుకున్న పని, అంటే ఒక గోలీ దొర్లడంతో మొదలై ఇరవై అంచెలు దాటి చివరకు చెంబులోని నీళ్లు తులసి మొక్కకు పోయడం, నాకు ఎంతో నచ్చింది. ముప్పై ఏళ్లు హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక, ఆ బొమ్మలో నాకు కనిపించిన లోపాన్ని నువ్వు చెక్క కోయడం మొదలుపెట్టకముందే చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ బొమ్మలో గోలీ వచ్చి గరిటెను తాకుతుంది, గరిటె లేచి చెంబును వంచుతుంది. దీనికి లెక్క ఒప్పుకోదు, అమ్మణ్ణీ. మీరు ఆడుకునే గాజు గోలీ సుమారు 5 గ్రాముల బరువు ఉంటుంది. అది 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దిగితే వచ్చే శక్తి 0.015 జౌల్ మాత్రమే, అందులోనూ కొంత రాపిడికి పోతుంది. 100 గ్రాముల నీళ్లను 10 సెంటీమీటర్లు ఎత్తడానికే దాదాపు 0.1 జౌల్ కావాలి. కాబట్టి గోలీ చేత బరువు మోయించకు, గడియ మాత్రం తీయించు. అర కిలో ఇసుక సంచిని 30 సెంటీమీటర్ల ఎత్తున ఆపి ఉంచి, దానిని ఆపిన పుల్లను గోలీ తప్పించేలా చేస్తే, ఆ సంచి దిగుతూ దాదాపు ఒకటిన్నర జౌళ్ల శక్తిని, అంటే గోలీ తెచ్చినదానికి నూరు రెట్లు ఇస్తుంది. ఆ శక్తి యంత్రం పుట్టించినది కాదు, పోటీకి ముందు నువ్వు సంచిని పైకెత్తినప్పుడు నీ చెయ్యి అక్కడ దాచినదే. ప్రతి అంచెలోనూ ఇలా కొంత శక్తి ముందే దాచి ఉండాలి; దాని ముందరి అంచె వచ్చి దానిని విడిపించాలి, అంతే.

వరుసగా నిలబెట్టిన బిళ్ళలు పడడంలో ఉన్న సూత్రం కూడా ఇదే. ఒక్కో బిళ్ళ తనకంటే ఒకటిన్నర రెట్లు పెద్దదైన బిళ్ళను పడగొట్టగలదని లోర్న్ వైట్‌హెడ్ అనే శాస్త్రవేత్త 1983లో ఒక భౌతికశాస్త్ర పత్రికలో వివరించాడు. పొడవు, వెడల్పు, మందం మూడూ ఒకటిన్నర రెట్లు పెరిగితే బరువు మూడు రెట్లకు పైగా పెరుగుతుంది, అయినా అది పడుతుంది. ఎందుకంటే నిలబడి ఉన్న బిళ్ళలోనే దాని పతనానికి కావలసిన శక్తి ఉంది. న్యాయనిర్ణేతలు నిన్ను ప్రశ్నలు అడిగినప్పుడు ఈ సంగతి చెప్పు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అర కిలో బరువు నేరుగా పుల్ల మీద పడితే రాపిడి పెరిగి, గోలీ ఎంత కొట్టినా పుల్ల కదలదు. అందుకు ఉదయగిరిలో చెక్కే పొడుగాటి చెక్క గరిటె ఒకటి తీసుకో. కొస నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో రంధ్రం చేసి సైకిల్ చక్రం ఊచను ఇరుసుగా దూర్చి, ఆ పొట్టి కొసకు సంచిని తగిలించి, ఇరుసుకు 20 సెంటీమీటర్ల దూరంలో పొడుగు కొసను పుల్లతో పట్టి ఉంచు. అప్పుడు పుల్ల మీద పడే బరువు పదో వంతు, అంటే సుమారు 50 గ్రాములే. పుల్ల నున్నగా ఉంటే గోలీ దెబ్బ చాలు.

పని చివరి నుంచి మొదలుపెట్టు. ముందు చెంబు వంగి నీళ్లు సరిగ్గా మొక్క మొదట్లో పడేలా చెయ్యి, తరువాత దానికి ఎంత బలం కావాలో చూసి పందొమ్మిదో అంచె కట్టు, అలాగే వెనక్కి రా. మొదటి నుంచి కట్టుకుంటూ పోయిన పిల్లలు చివర్లో బలం చాలక మొత్తం విప్పుకోవడం నేను చాలాసార్లు చూశాను.

అంచెల లెక్క కూడా తెలుసుకో. ఒక్కో అంచె పదిసార్లలో తొమ్మిదిసార్లు పనిచేస్తే చాలు కదా అనిపిస్తుంది, కాని అలాంటి అంచెలు ఇరవై కలిస్తే యంత్రం చివరిదాకా నడిచేది నూటికి 12 సార్లే. ఒక్కో అంచె నూటికి 95 సార్లు పనిచేస్తే మొత్తం 36 సార్లు, 99 సార్లు పనిచేస్తే 82 సార్లు నడుస్తుంది. నీ నిబంధనల కాగితం ఇరవై అంచెలు అడిగింది కనుక ఇరవైతోనే ఆగు, ఇరవై ఒకటోది ఎంత ముచ్చటగా తోచినా పెట్టకు. ప్రతి అంచెనూ విడిగా కనీసం ఇరవైసార్లు నడిపి, తప్పినప్పుడల్లా కారణం నోటుపుస్తకంలో రాయి. ఒకేసారి రెండు మార్పులు చేయకు, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

నేను పనిచేసే రోజుల్లో మా పిల్లలు కట్టిన ఇటువంటి యంత్రం బడిలో వరుసగా పదిసార్లు నడిచింది, నెల్లూరు ప్రదర్శనలో మూడో అంచె దగ్గరే ఆగిపోయింది. అది వాయుగుండం పట్టిన నవంబరు నెల. గడియకు కట్టిన నూలు దారం తడిగాలికి ఉబ్బి, పొట్టిగా బిగుసుకుపోయింది. రెండోసారి నడిపేలోగా సీలింగ్ ఫ్యాను గాలికి అట్ట బిళ్ళలు పడిపోయాయి. నెలరోజులు శ్రమపడిన ఆ పిల్లల ముఖాలు నేను మరచిపోలేదు. అందుకే నూలు దారం వద్దు, చేపల గాలానికి వాడే నైలాన్ దారం వాడు. అట్ట బిళ్ళలకు బదులు చీమకుర్తి గ్రానైట్ కోసేచోట మిగిలే ముక్కలు మీ నాన్న చేత తెప్పించుకో. ఒకే మందంలో ఉంటాయి, గాలికి కదలవు. అంచులు మాత్రం అరగదీయించు. గోలీ దొర్లే దారికి ఎలక్ట్రీషియన్లు గోడకు కొట్టే కేసింగ్ పట్టీ చాలా అనువైనది.

అన్నిటినీ ఒకే ప్లైవుడ్ పలకకు బిగించి, నాలుగు మూలలా ఎత్తు సవరించే బోల్టులు పెట్టు. పోటీ హాలులో బల్ల మట్టంగా ఉండదు. కొవ్వొత్తితో దారం కాల్చే అంచెను తీసేయి. ఫ్యాను కింద అది ఎంతసేపటికి కాలుతుందో ఎవరూ చెప్పలేరు.

వచ్చే ఆదివారం ఉదయం రైలుకు వస్తాను. రసమట్టం, సన్న ఆకురాయి నేను తెస్తాను. అప్పటికి చివరి మూడు అంచెలు బిగించి, నోటుపుస్తకం సిద్ధంగా ఉంచు.

ఇట్లు,
నీ తాత